చూపు తగ్గినా వేటకు పోతున్న మత్స్యకారుల గురించి బహిరంగ లేఖ

ప్రకాశం, నెల్లూరు జిల్లాల కలెక్టర్లకు,
మత్స్యశాఖ, విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ అధికారులకు,
బోటు యజమానులకు, మా పాలేల్లో కట్టుబాట్లు చూసే కాపులకు, పెద్దలకు

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను కొత్తపట్నం తీరంలో ఒక పట్టపుపాలెం (మత్స్యకారుల పల్లె) మనిషిని. మా తాత, మా నాయన, మా అన్నదమ్ములు అందరూ వేటగాళ్లే. నాకు రెటినైటిస్ పిగ్మెంటోజా అనే కంటి జబ్బు ఉంది. రేచీకటితో మొదలైంది. తర్వాత పక్కల చూపు పోయింది. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా కాస్త కనిపిస్తుంది, అదీ పగలు మాత్రమే. నాకున్న రకానికి మందు లేదని డాక్టర్లు చెప్పారు. అయినా నేను వేట మానలేదు. మా బావ ఫైబర్ బోటులో కలాసీగా, అంటే బోటు పనివాడిగా పోతున్నాను. ఈ లేఖ ఫోన్‌కు చెప్పి రాయించాను, అక్షర దోషాలు మా అన్న కూతురు దిద్దింది.

ఈ సంగతి మీద ఇంతకు ముందు కాగితాలు పెట్టుకున్నాం. ఒకచోట ఇది చేపల సంగతి, మాది కాదన్నారు. ఇంకోచోట ఇది కళ్ల సంగతి, మాది కాదన్నారు. అది ఏ ఆఫీసో, అన్నది ఎవరో ఇక్కడ రాయను. ఒక మనిషి మీద ఫిర్యాదు చేసి చల్లబడే పని కాదిది. జవాబు రాలేదు కాబట్టి అందరూ చదివేలా రాస్తున్నాను.

మేం అడిగేది ఇదీ. చూపు పోయిన మత్స్యకారుణ్ణి పింఛనుదారుగా మాత్రమే లెక్కేసి పక్కన కూర్చోబెట్టకండి. అతను ఇంకా మత్స్యకారుడే. మాట్లాడే ఫోను, చేతికి తగిలే గుర్తులు, చెవికి వినపడే హెచ్చరిక ఉంటే బోటులో తన పని తాను చేసుకోగలడు. ఆ పరికరాలు ఇప్పించండి. కలాసీల జాబితాలో అతని పేరు ఉంచండి.

"కళ్లు లేకుండా సముద్రంలో ఏం చేస్తావు?" అని అందరూ అడుగుతారు. అడగడంలో తప్పులేదు, జవాబు వివరంగా చెప్తాను.

వేటలో సగం పని చేతులది. వల లాగేటప్పుడు మోకు బిగువును బట్టి నీటి వాలు ఎటుందో తెలుస్తుంది. వల బరువెక్కిందంటే చేప పడిందా, ఏ మొద్దో చెత్తో తగిలిందా అన్నది అరచేతికే ముందు అందుతుంది. చేపలను వేరుచేయడం కూడా తడిమే చేస్తాం. వంజరం నున్నగా జారిపోతుంది, పళ్లు మాత్రం జాగ్రత్త. కానాగంతకు తోక దగ్గర చిన్న చిన్న రెక్కలు వరసగా తగులుతాయి. పండుగప్ప మొప్ప అంచు బ్లేడులా కోస్తుంది. జెల్ల ముల్లుకూ టేకు చేప తోకకూ చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. చూపున్నవాళ్లకు కూడా అది తప్పదు. చినిగిన వల కన్నులను వేళ్లతో లెక్కపెట్టి అల్లేవాళ్లు మా పాలెంలో ఉన్నారు. చూపు బాగున్న కుర్రాళ్ల కంటే వాళ్ల ముడి గట్టిది. ఇంజన్ శబ్దం కాస్త మారితే ముందు పసిగట్టేది కూడా చెవిమీద ఆధారపడేవాడే.

మాతో కానివీ ఉన్నాయి, వాటిని దాచను. ఎదురుగా వచ్చే ఓడ మాకు కనిపించదు. కృష్ణపట్నం పోర్టు వైపు పెద్ద ఓడల రాకపోకలు ఎక్కువ. వల బెండ్లు ఎక్కడ తేలుతున్నాయో కనిపించదు. తెల్లవారుజామున బోటు నీళ్లలోకి తోసేటప్పుడు అల ఎక్కడ విరుగుతుందో చూడలేం. అందుకే బోటు నడిపే, చూపున్న సరంగు లేకుండా ఒంటరిగా బోటు తీసుకుపోతామని మేం అడగడం లేదు. నలుగురైదుగురు పోయే బోటులో ఒక మనిషి పని మాకు ఉంచమని అడుగుతున్నాం.

ప్రపంచంలో ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలో చూపులేనివాళ్లు అడవిలో జింకల వేటకు పోతారు. తుపాకీకి లేజర్ బిగిస్తారు. ఆ వెలుగు చుక్క ఎక్కడ పడిందో పక్కనున్న తోడు మనిషి చూసి, కొంచెం ఎడమకు, కొంచెం పైకి అని నెమ్మదిగా చెప్తాడు. కొందరు గురిచూసే గొట్టానికి కెమెరా తగిలించి, ఆ బొమ్మను తోడు మనిషి చూసేలా చిన్న తెర పెట్టుకుంటారు. మీట నొక్కేది మాత్రం చూపులేని మనిషే. చట్టప్రకారం అంధులైన వేటగాళ్లు అలా లేజర్ వాడుకోవచ్చని టెక్సాస్ రాష్ట్రం 2007లో చట్టం చేసింది. పక్కన కనీసం 13 ఏళ్లు నిండిన, చూపున్న, లైసెన్సున్న తోడు ఉండాలని షరతు పెట్టింది. చూపులేనివాళ్ల షూటింగ్ పోటీల్లో అయితే గురి మధ్యకు దగ్గరయ్యేకొద్దీ చెవిలో వినపడే శబ్దం మారుతుంది, దాన్ని బట్టి కాలుస్తారు.

మన దేశంలో అడవి జంతువుల వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అది అలాగే ఉండాలి. నేను ఈ సంగతి ఎత్తిన కారణం వేరు. అక్కడ ఎక్కువమందికి అడవి వేట సరదా. ఆ సరదా కోసమే చట్టసభ కూర్చుని, చూపులేని మనిషికి ఏ పరికరం కావాలి, పక్కన ఎవరుండాలి అని ఆలోచించి రాసింది. మా సముద్రపు వేట ఇంట్లో పొయ్యి వెలగడానికి. మా గురించి అలా కూర్చుని ఆలోచించినవాళ్లు నాకు ఇంతవరకు కనిపించలేదు.

నీళ్ల మీద కూడా ఉదాహరణలున్నాయి. ఇటలీలో గార్డా సరస్సు మీద నీటి మీద తేలుతూ శబ్దం చేసే గుర్తుల (బోయల) సాయంతో చూపులేనివాళ్లు తెరచాప పడవలు తామే నడుపుతారు. జపాన్‌కు చెందిన మిత్సుహిరో ఇవమోతో పూర్తిగా చూపులేని మనిషి. 2019లో చూపున్న ఒక్క తోడు మనిషితో అమెరికాలోని శాన్ డియేగో నుంచి పసిఫిక్ దాటి జపాన్ తీరం చేరాడు. 2013లో మొదటిసారి బయల్దేరినప్పుడు తిమింగలం తగిలి పడవ మునిగింది. అయినా మళ్లీ పోయాడు. మేం పోయేది తీరానికి దగ్గరి నీళ్లలోకి, మా బావలూ మామలూ పక్కనుండగా.

మనకు పరికరాలు లేవనడానికి లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉచితంగా వస్తుంది, తెలుగులో చదువుతుంది. జీపీఎస్‌కు సెల్ సిగ్నల్ అక్కర్లేదు, సముద్రం మధ్యలోనూ పనిచేస్తుంది. వల దించినచోట నేను ఫోన్‌లో పాయింటు పెట్టుకుంటాను. తిరిగి పోయేటప్పుడు ఎంత దూరం, ఏ దిక్కు అన్నది ఫోన్ చెప్తుంది, నేను సరంగుకు చెప్తాను. బోటులో నాకంటూ ఒక పని అలా నిలబడింది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ సముద్రపు వేడి, నాచు రంగు ఉపగ్రహాలతో చూసి, చేపలు ఎక్కడ దొరకవచ్చో, అలలు ఎంత ఎత్తు లేస్తాయో తెలుగులో కూడా చెప్తోంది. సిగ్నల్ లేని చోట ఆ సమాచారం అందడానికి 2019లో జెమిని అనే పరికరం తెచ్చారు. ఉపగ్రహం ద్వారా బోటుకూ ఒడ్డుకూ మధ్య సందేశాలు చేర్చే, ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లను ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద లక్ష పడవలకు ఉచితంగా బిగించే పని 2024లో మొదలైంది. అవి బ్లూటూత్‌తో ఫోన్‌లోని యాప్‌కు కలుస్తాయి. ఆపదలో ఉపగ్రహానికి సందేశం పంపే పరికరం రెండో తరం 2024 జనవరిలో వచ్చింది. సందేశం అందిందన్న జవాబు కూడా బోటుకు తిరిగి వస్తుంది.

ఇవన్నీ మన శాస్త్రవేత్తలు చేసినవి, నాకు వాళ్లంటే గౌరవం. అయితే చూపులేని మత్స్యకారుడి చేతిలో పెట్టి చూసే పని మిగిలిపోయింది. బోట్లలో వాడే ఒక యాప్‌లో టాక్‌బ్యాక్ పెట్టి వేలు జరిపితే, కొన్ని మీటల దగ్గర "అన్‌లేబుల్డ్ బటన్" అని మాత్రమే చదువుతుంది. ఆ మీట ఆపద మీటో, వాతావరణం మీటో నాకెలా తెలియాలి? దాన్ని సరిచేయడం పెద్ద ఖర్చు కూడా కాదు, ప్రతి మీటకూ పేరు రాస్తే సరిపోతుంది.

ఇక, ఈ పట్టనితనం వల్ల మా ఇళ్లలో జరుగుతున్నవి వరసగా చెప్తాను.

1. మా పేర్లు రాసుకోవడం లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు "మత్స్యకార సేవలో" కింద కుటుంబానికి 20,000 రూపాయలు ఇస్తున్నారు. బోటులో పనిచేసేవాళ్ల పేర్లు రేవులోనే రాసుకుంటారు. నేను వరసలో నిలబడితే "నువ్వెట్టా పోతావయ్యా వేటకు" అని పక్కకు జరగమన్నారు. బోటు యజమాని వచ్చి చెప్పినా రాసుకోలేదు. డబ్బు సంగతి ఒకటి, దాని వెనక ఇంకొకటుంది. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా మత్స్యకారుడికి 5 లక్షల బీమా ఉంది. కలాసీగా ఏ కాగితంలోనూ లేని మనిషి సముద్రంలో పోతే, అతను వేటకు పోయాడని అతని భార్య ఎవరి దగ్గర రుజువు చేసుకోవాలి?

2. అన్నిటికంటే పెద్దది భయం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, మన్నించండి. చూపులేనివాళ్లకు నెలకు 6,000 రూపాయల పింఛను వస్తోంది. దానికి ప్రభుత్వానికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు, మా ఇళ్లలో బియ్యం, మందులు దాంతోనే గడుస్తున్నాయి. 2025లో సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్లు మళ్లీ పరిశీలించారు, చాలామందికి నోటీసులు వచ్చాయి. దొంగ సర్టిఫికెట్లు ఏరివేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ తర్వాత మా పాలేల్లో ఒక మాట పాకిపోయింది. బోటు ఎక్కినట్టు ఎవరైనా ఫోటో తీస్తే "వీడికి కళ్లు కనపడుతున్నాయి" అని పింఛను తీసేస్తారట. నిజమో కాదో ఎవరూ కాగితం మీద చెప్పలేదు. దాంతో చూపు తగ్గినవాళ్లు దొంగచాటుగా వేటకు పోతున్నారు. చీకట్లో పోతారు, చీకట్లో వస్తారు. రేచీకటి ఉన్న మనిషికి అంతకంటే ప్రమాదం ఏముంటుంది? లైఫ్ జాకెట్ అడగరు, పేరు రాయించరు, దెబ్బ తగిలితే ఆసుపత్రిలో ఇంట్లో జారిపడ్డానని చెప్తారు. ఇంకొక చిక్కు, నాలాంటివాళ్లకు సూటి చూపు కొంత మిగులుతుంది. గోడమీది అక్షరాల చార్టు కొన్ని వరసలు చదువుతాం, కానీ కాళ్ల దగ్గరి మోకు కనిపించదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం చూపు విస్తీర్ణం 10 డిగ్రీల లోపు ఉంటే అది అంధత్వమే. చార్టు ఒక్కటే చూసి పంపేస్తే ఆ సంగతి బయటపడదు.

3. వాటాలో కోత. బోటు ఖర్చులు పోగా మిగిలింది పంచుకునేటప్పుడు కొన్నిచోట్ల చూపులేని కలాసీకి అర వాటా ఇస్తున్నారు. వల లాగిన బరువు అందరితో సమానమే. మా బావ నాకు పూర్తి వాటా ఇస్తాడు, అందుకే ధైర్యంగా రాయగలుగుతున్నాను. ఇవ్వనిచోట నోరెత్తితే ఆ అర వాటా కూడా పోతుంది.

4. రేవులో దెబ్బలు. శిబిరాల్లో తెల్లకర్ర ఇస్తారు, కొందరికి స్మార్ట్ కేన్ కూడా దొరికింది. ఢిల్లీ ఐఐటీలో రూపుదిద్దుకున్న స్మార్ట్ కేన్ మంచి పరికరం. మోకాలి ఎత్తు నుంచి తల దాకా ఎదురొచ్చేవాటిని శబ్ద తరంగాలతో పసిగట్టి చేతికి వణుకు ద్వారా చెప్తుంది. రోడ్డు మీద చెట్టుకొమ్మ, ఆగి ఉన్న లారీ తెలుస్తాయి. మా రేవులో ప్రమాదమంతా చీలమండ ఎత్తులో ఉంటుంది. అడ్డంగా సాగిన మోకులు, ఇసుకలో సగం పూడిన లంగరు కొక్కేలు, ఆరేసిన వలలు. పైగా మామూలు కర్ర మొన ఇసుకలో దిగబడుతుంది. వెడల్పాటి మొన ఉన్న కర్ర కావాలి. రేవులో నడిచే మనిషిని ఒక్కసారి అడిగి ఉంటే ఈ సంగతి తెలిసేది.

5. హెచ్చరికలు మాదాకా రావడం లేదు. వాయుగుండం పట్టినప్పుడు, సముద్రంలోకి పోవద్దన్నప్పుడు ఉత్తర్వు కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు. ఫోటోలోని అక్షరాలను మా ఫోన్లలో టాక్‌బ్యాక్ నేరుగా చదవదు, "ఫోటో" అని చెప్పి ఊరుకుంటుంది. అదే మాటను టైపు చేసి పెట్టినా, గొంతుతో రికార్డు చేసి పెట్టినా మాకు అందుతుంది. చదువురాని పెద్దవాళ్లకు కూడా అందుతుంది. పాలేల్లో వాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు.

6. పిల్లల చదువు. తండ్రికి చూపు తగ్గగానే బోటులో అతనికి తోడుగా కొడుకును పంపుతున్నారు. పదో తరగతి పిల్లవాడు బడి మానేసి తండ్రికి కళ్లుగా పోతున్న ఇల్లు మా వీధిలోనే ఉంది. ఆ పిల్లవాడు చేస్తున్న పనిలో చాలా భాగం ఒక మాట్లాడే ఫోను చేయగలదు. ఆడపిల్లలైతే తల్లి చేపల గంప ఎత్తుకుని ఊళ్లమీద పోతే ఇంట్లో తండ్రిని చూసుకోవడానికి ఆగిపోతున్నారు.

7. యానాదుల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. బకింగ్‌హామ్ కాలువలో, ఉప్పుటేరుల్లో బోటు లేకుండా చేతులతో రొయ్యలు, పీతలు పట్టి బతికేవాళ్లు వాళ్లు. బురద నీళ్లలో చూపు పని తక్కువే, కాబట్టి చూపు తగ్గినవాళ్లు కూడా ఆ పని చేస్తున్నారు. నీళ్లు పోటెత్తే వేళ, గట్టుకు తిరిగి వచ్చే దారి, ఈ రెండూ తెలిస్తే వాళ్లకు చాలు. మాకు అడిగినవన్నీ వాళ్లకూ కలిపి అడుగుతున్నాం.

చట్టం మాకు అడ్డు లేదు. పైన చెప్పిన 2016 చట్టంలోనే, వికలాంగుడికి తగిన సర్దుబాటు కల్పించే బాధ్యత ప్రభుత్వానిదని 3వ సెక్షన్ చెప్తోంది. సొంత ఉపాధికి శిక్షణ, తక్కువ వడ్డీ రుణాల గురించి 19వ సెక్షన్ ఉంది. పేదరిక నిర్మూలన, అభివృద్ధి పథకాల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు 5 శాతం కేటాయించాలని 37వ సెక్షన్ చెప్తోంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమని తీర్పిచ్చింది. ముఖం చూపించి రెప్పలు ఆర్పమనే కేవైసీలు (గుర్తింపు పరీక్షలు) చూపులేనివాళ్లకు అడ్డు కాకూడదని ఆదేశాలిచ్చింది. తాళ్లు లాగి వేలిముద్రలు అరిగిపోయి, కంటిపాప పరీక్షకూ అందని మాకు ఆ తీర్పు ఎంత అవసరమో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మా కోరికలు:

1. వేటకు పోవడం వల్ల వికలాంగ పింఛను పోదని, పింఛనుకు ఆధారం కంటి పరీక్ష మాత్రమేనని రాతపూర్వకంగా ప్రకటించండి. ఆ కాగితం ప్రతి పాలెంలో గుడి దగ్గర, ఐస్ ఫ్యాక్టరీ దగ్గర అతికించి, మైకులో చదివించండి. మిగతావన్నీ ఆలస్యమైనా ఇది మాత్రం వెంటనే జరగాలి. ఖజానాకు రూపాయి ఖర్చు లేదు, ప్రాణాలు నిలబడతాయి.

2. ఈసారి నిషేధ కాలానికి పేర్లు రాసుకునేటప్పుడు, బోటు యజమాని, ఇద్దరు తోటి కలాసీలు సాక్ష్యం చెప్తే చూపులేని కలాసీ పేరు రాసుకోమని సిబ్బందికి ఆదేశం ఇవ్వండి. ప్రమాద బీమా కూడా అతనికి వర్తిస్తుందని అందులోనే రాయండి.

3. రెండు జిల్లాల్లోనూ మత్స్యశాఖ, వికలాంగుల శాఖ కలిసి ఒక్క అధికారిని ఈ పనికి చూపించండి. మాకు ఒక తలుపు చాలు.

4. పరికరాలు. కేంద్రం 1981 నుంచి నడుపుతున్న అడిప్ పథకంలో వికలాంగులకు సహాయ పరికరాలు ఇస్తున్నారు. ఆ శిబిరాలు పట్టణాల్లో పెట్టకుండా కొత్తపట్నం, పాకల, తుమ్మలపెంట, మైపాడు లాంటి రేవుల దగ్గర పెట్టండి. మత్స్యకారుడికి ఇచ్చే మూటలో ఇవి ఉండాలి: టాక్‌బ్యాక్ నేర్పి ఇచ్చిన ఫోను, నీళ్లు దూరని సంచి, చెవిని మూయకుండా ఎముక ద్వారా వినిపించే హెడ్‌ఫోన్, విజిల్ కట్టిన లైఫ్ జాకెట్, వెడల్పు మొన కర్ర, గాలపు తాడుకు కట్టుకునే గంటలు. చెవులు మూసే ఇయర్‌ఫోన్లు మాత్రం ఇవ్వకండి. ఇంజన్, అల, తోటివాడి కేక వినపడకపోతే మాకు ఏ పరికరమూ పనికిరాదు.

5. బోట్లకు ఇచ్చే ట్రాన్స్‌పాండర్ల మీద, ఆపద పరికరాల మీద మీటలకు చేతికి తగిలే గుర్తులు అతికించండి. వాటి యాప్‌లను చూపులేని మత్స్యకారులతో పరీక్ష చేయించి, పేరులేని మీటలకు పేర్లు పెట్టించమని తయారీదారులకు రాయండి. పరీక్షకు మేం వస్తాం, కూలి అడగం.

6. నిషేధ కాలపు 61 రోజులు మాకు ఖాళీ. ఆ రోజుల్లో పాలేల్లోనే శిక్షణ పెట్టండి. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. నెల్లూరులో వికలాంగుల కోసం కేంద్రం పెట్టిన సీఆర్సీ ఉంది. కాకినాడలో మత్స్య సాంకేతిక శిక్షణ సంస్థ ఉంది. ఈ మూడింటినీ ఒకచోట కూర్చోబెడితే శిక్షణ పాఠం తయారవుతుంది. శిక్షణ మాకు మాత్రమే కాదు, సరంగులకూ ఇవ్వాలి. "అదిగో, అక్కడ" అంటే నాకు తెలియదు. "కుడివైపు, రెండు బారల దూరం" అంటే వెంటనే చేయి వేస్తాను. ఈ అలవాటు మా బావకు పట్టడానికి కొంత కాలం పట్టింది. పట్టాక ఇద్దరికీ టెన్షన్ తగ్గింది.

7. ఒంగోలు, నెల్లూరు ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులకు ఒక పని అప్పజెప్పండి. మైక్రోసాఫ్ట్ సౌండ్‌స్కేప్ అనే యాప్, మనం పోవాల్సిన వైపు నుంచి శబ్దం వస్తున్నట్టు చెవికి వినిపించేది. కంపెనీ దాన్ని ఆపేసి, 2023లో ఆ ప్రోగ్రామును ఎవరైనా వాడుకునేలా ఇచ్చేసింది. దాన్ని తెలుగులోకి తెచ్చి, రోడ్లకు బదులు వల పాయింటుకూ రేవుకూ దారి చూపేలా మార్చడం మన పిల్లలకు చేతనవుతుంది. వాళ్లను మా బోటు ఎక్కించుకుని చూపించే పూచీ నాది.

8. నిషేధ కాలంలోనే ప్రతి రేవులో కంటి శిబిరం పెట్టండి. ఎండ, ఇసుక, ఉప్పుగాలి మధ్య బతికే మాకు నల్లగుడ్డు మీదికి కండ పెరగడం, శుక్లాలు మామూలు. షుగర్ వల్ల, నీటికాసుల వల్ల చూపు పోతున్నవాళ్లు ఉన్నారు. వీటిలో చాలావాటికి ముందే చూపిస్తే వైద్యం ఉంది. శిబిరంలో చార్టు పరీక్షతో పాటు చూపు విస్తీర్ణం పరీక్ష కూడా ఉండాలి. మేనరికాలు ఎక్కువైన ఇళ్లలో నాలాంటి జబ్బు ఎక్కువగా వస్తుందని కూడా అక్కడ విడమరచి చెప్పించండి. మా పెద్దలు డాక్టరు చెప్తే వింటారు.

9. మత్స్య పథకాల్లో 37వ సెక్షన్ చెప్పిన 5 శాతం ఎవరికి దక్కిందో, దక్కకపోతే ఎందుకో గ్రామ సచివాలయం బోర్డు మీద పెట్టండి.

బోటు యజమానులారా, కాపులారా, మీతోనూ ఒక మాట. అధికారులు చేయాల్సింది వాళ్లు చేస్తారు. అర వాటా సంగతి మాత్రం మన చేతుల్లో ఉంది. గొడవలకూ, వల హద్దులకూ మన పాలేల్లో దురాయి (అందరూ పాటించాల్సిన కట్టుబాటు) పెడుతున్నాం కదా. వల లాగిన మనిషికి చూపుందా లేదా అని చూడకుండా పూర్తి వాటా ఇవ్వాలని ఒక దురాయి పెట్టండి. రేవులో బోటుకూ బోటుకూ మధ్య ఒక నడక దారి వదిలి, అందులో మోకులు, లంగర్లు వేయకూడదని కట్టుబాటు చేయండి. ఆ దారి ముసలివాళ్లకూ గంపలెత్తుకునే ఆడవాళ్లకూ పనికొస్తుంది.

వచ్చే నిషేధం మొదలయ్యే ఏప్రిల్ 15 లోపు మొదటి రెండు కోరికల మీద ఉత్తర్వు, మూడో కోరిక మీద అధికారి పేరు మాకు అందాలి. మిగతావాటికి ఎంత కాలం పడుతుందో తేదీలతో చెప్పండి, ఆగుతాం. ఏప్రిల్ 15 దాకా ఏమీ రాకపోతే రెండు జిల్లాల్లో చూపు తగ్గిన మత్స్యకారులం కుటుంబాలతో కలిసి ఒంగోలు వచ్చి కలెక్టరేట్ ముందు శాంతియుతంగా కూర్చుంటాం. అక్కడా జవాబు రాకపోతే 2016 చట్టం కింద వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేస్తాం.

మీ జవాబు కాగితం ఫోటోగా కాకుండా టైపు చేసిన అక్షరాల్లో పంపమని మనవి. అప్పుడే నేను సొంతంగా చదువుకోగలను.

ఇట్లు,
కొత్తపట్నం తీరపు మత్స్యకారుడు,
చూపు తగ్గిన తోటి కలాసీల తరఫున